కుప్పమ్మవ్వ ఐదు రాళ్ళు

మా కుప్పమ్మవ్వకు వరస కనబడితే చాలు, పోయి నిలబడేసేది. అది దేనికి వరస, చివర్లో ఏమిస్తారు అన్నది తరవాతి సంగతి. యుద్ధం నాటి రేషన్‌లో అలవాటు పడిన కాళ్ళు. తెల్లోడు పోయినా, రేషన్ పోయినా, ఆ కాళ్ళకు మాత్రం స్వాతంత్ర్యం రాలేదు.

ఒకసారి గుడియాత్తంలో ఇట్లాగే నిలబడి, వెనకున్న జనం తోస్తే బస్సెక్కి, పరదరామిలో దిగింది. "ఏం పని మీద వచ్చినావమ్మా?" అని అక్కడ ఎవరో అడిగితే, "వరస ఈడికొచ్చింది నాయనా, నేనేం చేసేది?" అంది. ఇంకోసారి చావింటి ముందు నిలబడి, పోయినాయన ఎవరో తెలియకుండానే కడుపారా ఏడ్చి వచ్చింది.

భాషల లెక్కన రాష్ట్రాలను పంచే రోజుల్లో, మా తావును ఆంధ్రాలో కలపాలని ఒక కాగితం, మద్రాసులోనే ఉంచాలని ఇంకో కాగితం ఊళ్ళోకి వచ్చాయి. అవ్వ రెండు వరసల్లోనూ నిలబడి, రెండింటికీ వేలిముద్ర వేసింది.

"ఏదో ఒకటి చెప్పవే! యాడ ఉండాలనుకుంటా ఉండావు?" అని తాత చెంగల్రాయుడు నెత్తి కొట్టుకున్నాడు.

"ఇద్దరూ ఎండలో నిలబడి అడగతా ఉంటే, ఒకర్ని కాదంటే బాగుంటాదా?"

ఇది చాలదన్నట్టు ఆమె సంచిలో ఎప్పుడూ ఐదు రాళ్ళుండేవి. వరసలో రాయి పెట్టిపోతే ఆ తావు పెట్టినవాళ్ళదే. రేషన్ కాలం నుంచి అందరూ ఒప్పుకున్న కట్టుబాటు అది. కానీ వట్టి రాయిని కాలితో పక్కకు తన్నే దుర్మార్గులూ ఉంటారు గదా! అందుకని అవ్వ తన రాళ్ళకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టింది. ఇక తన్నమనండి చూద్దాం.

"ఒక్క మనిషికి ఐదు తావులంట! ఎంత ఆశ!" అని వీధంతా చెప్పుకునేది. అవ్వ వక్కాకు నములుతూ వినేది.

ఎదురింటి చిన్నపొన్ను లుంగీల కార్ఖానాలో రంగుతొట్టి దగ్గర పనిచేసేది. ఒక ఎండాకాలం ఆమె చేతులు మోచేతుల దాకా పగిలి, పొట్టు లేచి, రసి కారాయి. మేస్త్రీ మునికృష్ణ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది కుష్టు, పెద్దరోగం మాదిరి ఉండాది. అంటేది కాదని చర్మం డాక్టరు చీటీ తెచ్చేదాకా గడప తొక్కొద్దు."

అంతే. నీళ్ళ పంపు దగ్గర ఆమె బిందెకు మిగతా బిందెలన్నీ ఎడంగా జరిగాయి. చిన్నపొన్ను చేతిలో ఉన్నది ఒక్కటే. కార్ఖానా కూలోళ్ళకని సర్కారు కొత్తగా ఇచ్చిన బీమా కార్డు.

ఊళ్ళో కార్డు తీసుకునే డాక్టరు, "జ్వరమయితే రామ్మా, చర్మం సంగతి నాకు తెలీదు" అన్నాడు. చర్మం సంగతి తెలిసిన డాక్టరు కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "అచ్చు బాగా వేసినారే" అని మెచ్చుకుని, భద్రంగా వెనక్కి ఇచ్చేశాడు.

"కార్డు తీసుకొనే చర్మం డాక్టరు లోకంలో ఉండాడా అవ్వా?" అని చిన్నపొన్ను అవ్వ అరుగు మీద కూలబడింది.

అవ్వ ఆ రసి కారే చెయ్యి పట్టుకుని లేపింది. "ఉంటే ఆయన ముందర వరస ఉంటాది. వేలూరు పోదాం పా."

వేలూరులో అవ్వ డాక్టర్ల పేర్లేమీ అడగలేదు. కనబడిన ప్రతి వరసలోనూ నిలబడింది. కిరసనాయిలు వరసలో ఒకామె పళ్ళ డాక్టరు గుట్టు చెప్పింది. సినిమా టిక్కెట్ల వరసలో ఒకడు తన గజ్జి చూపించాడు గానీ, డాక్టరును చూపించలేకపోయాడు. పోస్టాఫీసు వరసలో పాపన్ అని తోళ్ళ కార్ఖానా కూలోడు దొరికాడు. చేతులకు తెల్లమందు పూసుకుని ఉన్నాడు.

"యాడ పూసినారప్పా?"

"బీమా ఆస్పత్రిలో అవ్వా. గురువారం గురువారం మద్రాసు నుంచి చర్మం డాక్టరు వస్తాడు. పదిమందినే చూస్తాడు. పదకొండో మనిషి మళ్ళా గురువారం దాకా గోక్కోవాల్సిందే."

గురువారం మొదటి బస్సుకే పోయి, ఆస్పత్రి వాకిట్లో ఐదు రాళ్ళనూ వరసగా పెట్టింది అవ్వ. మొదటి రాయి పక్కన చిన్నపొన్నును నిలబెట్టింది. వెనక వచ్చినవాళ్ళు లెక్క చూసుకుని భగ్గుమన్నారు.

"ఏమమ్మా, పదిట్లో ఐదు నీకేనా?"

"ఐదు ఒళ్ళు ఉండాయా నీకు?"

నోళ్ళు లేచాయి గానీ రాయి మీదికి కాలు లేవలేదు. ఒంటి మీద ఏం లేచినా అమ్మవారి కోపమేనని నమ్మే జనం. కాసేపటికి దద్దుర్లు లేచిన ఒకామె మొదటి రాయికి మొక్కి వేపకొమ్మ పెట్టింది. ఇంకొకామె కర్పూరం వెలిగించింది. డాక్టరు వచ్చేసరికి మూడు కొబ్బరికాయలు పగిలి ఉన్నాయి. ఆయన ఏమీ అర్థంకాక, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి పోయాడు.

కాంపౌండరు పెరుమాళ్ బయటికొచ్చాడు. "ఒకటో నంబరు ఎవురు? ఈ రాయా? రాయికి కార్డుండాదా?"

"రాయికేం జబ్బప్పా, గట్టిగా ఉండాది. పక్కనుండే పిల్లకుండాది కార్డు. పిలు!"

లోపల చిన్నపొన్ను చేతులు చాచింది. డాక్టరు వాటిని తన చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "పెద్దరోగమూ కాదు, చిన్నరోగమూ కాదు. నీ ఒంటికి ఆ రంగు పడలేదమ్మా. ఇది అంటేది కాదు. మందు పూసుకో, తొట్టి కాడ కాకుండా మగ్గం కాడ పని ఇమ్మని రాస్తా" అని చీటీ మీద ముద్ర కొట్టాడు.

చీటీ పట్టుకుని పరుగున వచ్చిన చిన్నపొన్నుకు రాళ్ళ దగ్గర అవ్వ కనబడలేదు. వరస తోకన ఉంది. చివరగా వచ్చినవాళ్ళ పుండ్లు వంగి వంగి చూస్తా ఉంది. అణైకట్ నుంచి రెండు బస్సులు మారి, ఒళ్ళంతా పుండ్లున్న బిడ్డను ఎత్తుకొచ్చినాయనను రెండో రాయి దగ్గరికి లాక్కొచ్చింది. తిరువలం నుంచి కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని వచ్చిన ముసలామెను మూడో రాయి దగ్గర కూర్చోబెట్టింది.

"బస్సు ఆలస్యమయితే దూరమోళ్ళ తప్పా?" అంది. ఇందాక ఐదు ఒళ్ళు ఉన్నాయా అని అడిగిన ఆమే, నాలుగో రాయికీ, ఐదో రాయికీ మనుషులను వెతికి తెచ్చింది.

చిన్నపొన్నుకు ఏదో వెలిగింది. "రేషన్‌లో కూడా ఇదేనా అవ్వా నువ్వు చేసింది?"

"మన వీధి ధనమ్మ అప్పుడు పచ్చి బాలింత. ఎండలో నిలబడతాదా?"

"మరి వీధంతా ఆశపోతు అంటా ఉంటే ఒక్క మాట చెప్పకపోయినావే!"

"చెప్తే అందురూ నాకూ ఒక రాయి పెట్టమంటారు తల్లీ. ఐదుకు మించి మోయలేను."

తిరిగి పోయేటప్పుడు బస్టాండు పక్కన ఒక వరస కనబడింది. అవ్వ కాళ్ళు అటు తిరిగాయి. చిన్నపొన్ను కూడా వెనకే పోయి నిలబడింది.

"ఇది దేనికవ్వా?"

"ఎవురికి తెలుసు? ముందు నిలబడు."

చిన్నపొన్ను తెల్లమందు చేతులతో వంగి, కాలికి తగిలిన ఒక నున్నటి రాయిని ఏరి కొంగున ముడేసుకుంది.