వుడ్‌ల్యాండ్స్ నుంచి లిమ్ చు కాంగ్ దాకా, వేరేవాళ్ళ మజిల్ కారులో

ఈ ప్రయాణానికి కారణం అసూయ. దాచడం ఎందుకు? సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లోని ఆఫీసులో నా పక్క సీట్లో పనిచేసే ఇంతియాజ్ ఒక మధ్యాహ్నం తన ఫోన్ నా ముందు పెట్టాడు. తెరమీద ముదురాకుపచ్చ కారు. పొడవాటి బానెట్, పొట్టి వెనక భాగం, లోతుగా కూర్చున్న హెడ్‌లైట్లు. అరవైల చివర్లో అమెరికాలో తయారైన మజిల్ కారు, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. "మాదే భాయ్. సండే నువ్వూ భాభీ వస్తరా, తిరిగొద్దాం?" అన్నాడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఇంతియాజ్‌కి కార్ల గురించి తెలిసిందల్లా వాటి రంగు. నేనేమో కాకినాడలో స్కూలు రోజుల నుంచీ ఇవే కార్ల బొమ్మలు కత్తిరించి గోడకి అంటించుకున్నవాణ్ణి. వాళ్ళింట్లో రంజాన్ విందుకి వెళ్ళినప్పుడు వీటి చరిత్రంతా చెబుతూ అందరి బిర్యానీ చల్లార్చిందీ నేనే. "కంగ్రాట్స్" అన్నాను. ఫోన్ అతని వైపు తోసేశాను.

ఆదివారం ఉదయం ఏడింటికి నేనూ నా భార్య సుధా సెరంగూన్‌లో రైలెక్కాం. బిషాన్‌లో ఎర్ర లైన్‌కి మారితే తిన్నగా వుడ్‌ల్యాండ్స్. దాదాపు ముప్పావు గంట ప్రయాణం, మనిషికి రెండు డాలర్ల చిల్లర. సుధ నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. నేను మాత్రం ఆ కారులో ఏ లోపం ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అడుగున తుప్పు పట్టి ఉండొచ్చు. ఇంజిన్ అసలుది కాకపోవచ్చు. కాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో ఉన్న హాకర్ సెంటర్ దగ్గర, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, కలుద్దామన్నారు. వీధి మలుపు తిరగ్గానే కార్ పార్క్‌లో జనం గుంపు కనిపించింది. మధ్యలో అది. తుప్పు లేదు. క్రోమ్ బంపర్‌లో నా మొహం వంకరగా కనిపించింది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని టీ దుకాణం ఆంటీ మా బల్ల దగ్గరికి వచ్చింది. వాళ్ళ తాత విశాఖపట్నం వైపు నుంచి నేవల్ బేస్‌లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట.

"ఆ పచ్చ కారు మీదా బాబూ? పొద్దున్నే ఏం సత్తం లా! బ్లాక్ మొత్తం లేచిపోనాది" అంది.

"మాది కాదు ఆంటీ. వాళ్ళది" అని ఇంతియాజ్‌నీ అతని భార్య ఫర్హానానీ చూపించాను.

"ఓ, మీరు ఊరికే కూచోను వచ్చినారా?" అని నురగలొచ్చేలా తిరగబోసిన పాల టీ, తే తారిక్‌లు, నాలుగు పెట్టి వెళ్ళిపోయింది. పరాటాలతో కలిపి నలుగురికీ పాతిక డాలర్లు దాటలేదు. పరాటాలు చాలా బాగున్నాయని సుధ చెప్పింది. నాకు రుచి తెలియలేదు.

బయల్దేరేటప్పుడు తాళం చెవి ఫర్హానా తీసింది. నేను ఇంతియాజ్ వైపు చూశాను.

"నాకు భయం భాయ్. స్టార్ట్ చేస్తే పులి మీద కూసున్నట్టుంటది. ఇది ఆమె కారు. ఆమె పైసలే, ఆమె పిచ్చే" అన్నాడు.

ఫర్హానా ఒక క్లినిక్‌లో పళ్ళ డాక్టరు. నవ్వుతూ, "ఆ రోజు మీరు చెప్పిండ్రు కదా భాయ్, అది విన్నంక నాకు నిద్ర పట్టలే. పాతవాటి కింద రిజిస్టర్ చేసినం కాబట్టి ఏడాదిల కొన్ని రోజులే రోడ్డెక్కనిస్తరు. అయినా సరే అనుకున్న" అంది. నా మాటలకి కారు పుట్టింది. నాకు కాదు.

నేనూ సుధా వెనక సీట్లో ఇరుక్కున్నాం. మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, పొడుగువాళ్ళు గమనించండి. క్రాంజి మీదుగా నియో టియూ రోడ్డు పట్టుకుంటే సింగపూర్ ఇదేనా అనిపిస్తుంది. ఇటు పొలాలు, అటు కప్పల ఫారం, మధ్యమధ్య చెట్ల నీడ. "మల్లొకసారి చెప్పుండ్రి భాయ్, సుధ వినలే" అంది ఫర్హానా. సుధ చాలాసార్లు వింది. అయినా చెప్పాను. మామూలు కారులో పెద్ద ఇంజిన్ పెట్టి కుర్రవాళ్ళకి అందే ధరకి అమ్మడంతో మొదలైన సంగతి. డెబ్బైల్లో పెట్రోలు కరువు, పొగ మీద ఆంక్షలు, మండిపోయే బీమా కలిసి వాటిని పడగొట్టడం. ఆకారం అలాగే ఉంచి లోపల బలహీనమైన ఇంజిన్లు పెట్టి అవే పేర్లతో అమ్మడం. చాలామంది వాటిని తుక్కుకి వేయడం. కొందరు మాత్రం షెడ్లలో గుడ్డ కప్పి దాచడం. ముప్పై ఏళ్ళ తర్వాత కంపెనీలు పాత బొమ్మలు ముందు పెట్టుకుని మళ్ళీ అవే కార్లు గీయడం, ఇప్పుడు బ్యాటరీతో కూడా చేయడం. నేను చెబుతుంటే ఫర్హానా గేరు మార్చింది. ఆ గర్జన నా మాటలని మింగేసింది.

లిమ్ చు కాంగ్ రోడ్డు చివర చిన్న జెట్టీ ఉంది. అవతల ఒడ్డు మలేషియాలోని జోహోర్. అక్కడ ఆగాక ఫర్హానా తాళం చెవి నా చేతిలో పెట్టి, "లైసెన్స్ ఉన్నోళ్ళు ఎవరన్నా నడపొచ్చు, ఇన్సూరెన్స్ అట్లనే తీసుకున్న. మీరు నడపాలె భాయ్" అంది.

తాళం చెవి నా అరచేతిలో వెచ్చగా ఉంది. నా దగ్గర ఇక్కడి లైసెన్స్ లేదు. రైళ్ళున్న ఊళ్ళో ఎందుకులే అని వచ్చిన కొత్తలో మార్చుకోలేదు. కాకినాడ లైసెన్స్ సొరుగులో గడువు తీరి పడి ఉంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేలోపే సుధ అంది: "నాకుంది. వచ్చిన ఏడాదే పరీక్ష రాసి మార్చుకున్నాను."

తాళం చెవి సుధ చేతికి వెళ్ళింది. ఫర్హానా ఆమె పక్కన కూర్చుంది. నేను మళ్ళీ వెనక్కి, ఈసారి ఇంతియాజ్ పక్కన. మొదట కారు కుదుపుతో ఆగింది. "అమ్మో, స్టీరింగ్ రాయిలా ఉంది" అంది సుధ. తిన్నటి రోడ్డు మీదకి రాగానే ఫర్హానా "తొక్కు, ఇంకొంచెం" అంది. సుధ వేగం పరిమితి దాటలేదు. కానీ నవ్వింది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నేను వినని నవ్వు, గొంతు లోపలి నుంచి వచ్చింది. ఆ నవ్వు తెప్పించిన స్టీరింగ్ మీద నాకు కోపం వచ్చింది. పక్కన ఇంతియాజ్ కళ్ళు గట్టిగా మూసుకుని దువా చదువుతున్నాడు.

తిరుగు రైల్లో సుధ నిద్రపోలేదు. "ఇంత బాగుంటుందని నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది.

"పద్నాలుగేళ్ళుగా చెబుతూనే ఉన్నాను కదా."

"చెప్పారు. ఎక్కించలేదు" అంది.

ఆ కార్లు తిరిగి ఎలా బతికాయో నేను ఎన్నోసార్లు వర్ణించాను. ఎవరో ఒకరు డబ్బు పోసి, నడుము విరగ్గొట్టుకుని, ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నా లెక్కచేయకుండా వాటిని దక్కించుకున్నారు కాబట్టే బతికాయి. నేను ఆ పని చేసినవాళ్ళలో లేను. నా అసూయ తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది. పొద్దున ఇంతియాజ్ మీద ఉన్నది మధ్యాహ్నానికి ఫర్హానా మీదకి, సాయంత్రానికి మా ఇంటికే వచ్చింది. ఈ వారం సుధ ఫోన్‌లో పాత కార్ల అమ్మకాలు చూస్తోంది. నన్ను సలహా అడుగుతోంది. చెబుతున్నాను.

కారు లేనివాళ్ళు చువా చు కాంగ్ నుంచి బస్సులో లిమ్ చు కాంగ్ చివరిదాకా వెళ్ళొచ్చు. ఇక్కడ ఉండటానికి వచ్చేవాళ్ళకి ఒకే సలహా: మన లైసెన్స్ మొదటి ఏడాదే చెల్లుతుంది, ఆలోపే థియరీ పరీక్ష రాసి మార్చుకోండి. వెనక సీట్లోకి ఇంజిన్ చప్పుడు చక్కగా వినిపిస్తుంది. బాధంతా అదే.