పండితుడి బిగింపు

షెడ్డులో ఆయన్ని అందరూ పండితుడంటారు, ఎగతాళికే. ఆయన మాత్రం అది బిరుదనుకుంటాడు. బండి చక్రం ముట్టుకునే ముందు వేలు తడి చేసుకుని రిపేరు పుస్తకం తిరగేస్తాడు. అందులోని బిగింపు అంకెకు టార్క్ రెంచి సరిచేసి, అంత బిగిసిందని అది టిక్కుమనగానే మీసం దువ్వుకుంటాడు. చేతికి తెలిసే సంగతి ఆయన తలకెక్కదు.

మొన్న బావమరిది బండికి ముందు చక్రం బిగిస్తున్నాడు. ఇరుసును పట్టి ఉంచే చిన్న బోల్టుకు పుస్తకంలో పెద్ద నట్టుకుండాల్సిన అంకె పడింది. విడిభాగాల బల్ల దగ్గరున్న భార్య తొంగి చూసింది.

"ఏవండీ, చిటికెన వేలంత బోల్టుకి అంత బిగింపేంటి? అచ్చుతప్పేమో!"

"పుస్తకం నువ్వు రాశావా?"

రెంచి టిక్కుమనకముందే బోల్టు పటుక్కున తెగింది.

"నాసిరకం సరుకు," అని రెండోది బిగించాడు. అదీ తెగింది.

"బావా, ఆ చక్రం మీద పోయేది నేను!" అన్నాడు బావమరిది.

పండితుడు మంచి బోల్టు తెస్తానంటూ విసురుగా బజారుకి పోయాడు. ఆవిడ విరిగిన ముక్క లాగి, సొరుగులోని బోల్టొకటి పొట్టి స్పానరుతో నిదానంగా బిగించి, చక్రం తిప్పి చూసి తమ్ముణ్ణి పంపేసింది.

"బిగిసిందా?" అన్నాడు ఆయన తిరిగొచ్చి, బండి లేకపోవడం చూసి.

"బిగిసిందండీ."

పెన్సిలు తీసి పుస్తకంలో ఆ అంకె పక్కన రైటు కొట్టాడు.

"చూశావా? పుస్తకం తప్పు చెప్పదు."