మందుల డబ్బా అడిగిన మనిషి

మా పక్కింటి డ్రెస్సర్ మావయ్య పోయారని మా ఊరు తెలుక్ ఇంటాన్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నేను బంటింగ్‌లో పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచే ఊరికి బయల్దేరాను. నాకు సంబంధించిన ఒక మాట ఆయనొక్కరికే తెలుసు. ఇప్పుడు మీకు చెప్పేస్తాను.

మలేసియాలో మా తోటల ఎస్టేట్ ఆస్పత్రిలో డాక్టరు రాని రోజుల్లో సూది, కట్టు, కాన్పు అన్నీ డ్రెస్సరే చూసుకోవాలి. రిటైరయ్యాక మావయ్య ఇంకో పని నెత్తిన వేసుకున్నారు. ఎవరింట్లో చావు జరిగినా, పదకొండో రోజు భోజనాలయ్యాక వచ్చి, పోయినవాళ్ల మందుల డబ్బా అడిగేవారు. వాటిని మోటారుసైకిల్ మీద సర్కారు క్లినిక్‌కి తీసుకెళ్లి అప్పజెప్పేవారు. మావాళ్లకు మందులు పారేసే అలవాటు లేదు. చీరలు పంచుకున్నట్టే అత్తగారి షుగరు బిళ్లలు షుగరున్న కోడలికి పోతాయి. అందుకే పిండానికి కాకిలా వాలాడని ఆయన్ని విసుక్కునేవారు. ఆయన పాత పేపరు పరిచి, ఒక్కో అట్టా తిప్పి చూసేవారు. ఎవరైనా ఏదైనా దాచుకుంటే చెయ్యి చాపి ఊరకే కూర్చునేవారు. ఇచ్చేదాకా టీ ముట్టేవారు కారు.

మా అమ్మ పోయినప్పుడూ వచ్చారు. నాకు ఒళ్లు మండింది. ఇవి నాన్నకు పనికొస్తాయన్నాను.

"ఇయ్యి మీయమ్మ ఒంటికి రాసినారు. మీ నాన్న ఒంటికి కాదు లా. అన్నీ ఇచ్చీ అమ్మా" అన్నారు.

డబ్బా ఇచ్చాను. రెండు అట్టలు మాత్రం బియ్యం డబ్బాలో దాచాను. నాన్నకూ షుగరే, ఆయన బిళ్లలు అయిపోయాయి, క్లినిక్‌కి వెళ్తే సగం రోజు పోతుంది. అవే వేశాను. అమ్మ బిళ్లల మోతాదు ఎంత ఎక్కువో నాకేం తెలుసు? మూడో రోజు పొద్దున్న నాన్న స్నానాల గదిలో పడిపోయారు.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది మావయ్యే. అమ్మ పేరున్న ఖాళీ అట్ట ఆయన కంటపడింది. "ఎన్ని ఇచ్చినావు?" అని మాత్రం అడిగారు. మందు పేరు, లెక్క ఆస్పత్రిలో డాక్టరుకు చెప్పారు. మా అన్నదమ్ములకు మాత్రం "షుగరు పడిపోయినాది" అని ఊరుకున్నారు. నాన్న మాట పడిపోయి నాలుగు నెలలు బతికారు. ఒక్కసారైనా మావయ్య నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నాన్న పోయిన పదకొండో రోజునా మావయ్య వచ్చారు. ఇంట్లో ఉన్నదంతా తెచ్చి ఆయన ముందు పోశాను, నా తలనొప్పి బిళ్లలతో సహా. అవి ఏరి నా చేతిలో పెట్టారు. "ఇయ్యి నీయే. ఉంచుకో" అన్నారు.

మొన్న మావయ్య పదకొండో రోజు. భోజనాలయ్యాయి. డబ్బా ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనే పేపరు పరిచాను. అత్తయ్య ఆయన మందులున్న బిస్కెట్ డబ్బా తెచ్చి బోర్లించింది. ఒక అట్ట మాత్రం పిడికిట్లో పట్టుకుంది.

"ఇయ్యి మోకాలికి మంచియమ్మా. మీ మావకి బాగా పన్జేసినాయి."

చెయ్యి చాపి కూర్చున్నాను. పక్కన టీ చల్లారిపోతోంది.