పశువుల పాకలో మంత్రసాని

కరీంనగర్ బస్టాండులో లక్సెట్టిపేట బస్సు కండక్టరు నన్ను గుర్తుపట్టి దిగి వచ్చాడు. "సార్, పంతులమ్మ పోయింది. మొన్న మట్టి చేసినం" అన్నాడు. చిన్నప్పుడు ఆమె దగ్గర క్రిస్మస్ కథ విన్నవాడే. బస్సు కదిలే దాకా ఆమె సంగతులే చెప్పాడు.

ఒక క్రైస్తవ బోధకురాలికి నేను నివాళి రాయడమేమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. నేను దేవుణ్ణి నమ్మను. ఆమెను నమ్మాను. ఈ రెండూ ఒక మనిషిలో ఇమడవనేవాళ్లతో ఇంకోసారి వాదిస్తాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను లక్సెట్టిపేట బడిలో పని చేసేవాణ్ణి. ఆమెది మా పక్కిల్లు. ఇల్లంటే ప్రార్థనా మందిరం వాళ్లు ఇచ్చిన ఒంటిగది. భర్త పోయాడు, పిల్లలు లేరు. డిసెంబరు సెలవులు రాగానే పసిపిల్లలను మందిరంలో పోగుచేసి యేసు పుట్టిన కథ చెప్పేది. నరకం ఊసెత్తి భయపెట్టడం ఆమెకు చేతకాదు. "గంత పెద్ద దేవుడు గింత పోరడయ్యిండు. ఎందుకు? పెద్దగ వస్తె మీరు జడుసుకుంటరని" అని రెండు చేతులూ దగ్గరికి చేర్చి కొలత చూపించేది. పిల్లలు ఆ చేతుల మధ్య ఖాళీలోకి తొంగి చూసేవాళ్లు.

పసివాళ్ల బుర్రలోకి మతం ఎక్కించడం అన్యాయమనీ, వాళ్లకు ప్రశ్నించడం నేర్పాలనీ నేను గోడ ఇవతలి నుంచే వాదించేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, "ప్రశ్నలు నేను నేర్పాల్నా కొడుకా? గాళ్లు మూటగట్టుకొనే వస్తరు. నన్ను కథ చెప్పనిస్తలేరు" అనేది.

ఆ మందిరానికి వచ్చే క్రైస్తవులవి రెండు వాడలు. పై వాడ వాళ్లు ముందు చాపల మీద, కింది వాడ వాళ్లు గడప దగ్గర. దేవుడు మారాడు, కూచునే చోటు మారలేదు. పండుగకు పిల్లలు ఆడే నాటకమూ అంతే. పై వాడ పిల్లలు దేవదూతలు, రాజులు. కింది వాడ పిల్లలు ఏటా గొర్రెలు.

ఒళ్లు మండి అడిగాను. "అమ్మా, ఇంత చూస్తూ ఇందులోనే ఎందుకుంటారు? వదిలేసి బయటికి రారాదా?"

"ఇల్లు కురిస్తె గూనపెంకలు సదురుకుంటం కొడుకా. ఇల్లిడిసి వానల నిలబడుతమా?"

ఇల్లు కట్టిన తీరే తప్పయితే గూనలు సర్ది ఏం లాభమన్నాను. ఆమె నవ్వి బియ్యం చాట అందుకుంది.

ఆ ఏడాది నాటకం నేర్పుతుంటే ఒక పిల్లవాడు లేచాడు. "అమ్మా, మరియమ్మ కన్నప్పుడు మంత్రసాని ఎవలు?"

"బైబిల్ల రాయలే బిడ్డా."

"మా తమ్ముడు పుట్టినప్పుడు మా బాపు గూడ ఏం రాయలే. మంత్రసాని రాలేదా మరి?"

పంతులమ్మ గడప దగ్గరున్న ఒక ఆడపిల్లను పిలిచింది. ఆ పిల్ల కింది వాడ మంత్రసాని మనుమరాలు. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా ఆ ముసలామెకే కబురు. పురుడు పోశాక ఆమె తాకిన గడపను కడుక్కోవడం కూడా ఊరి ఆచారమే. "నువ్వీసారి గొర్రెవు కాదు. మంత్రసానివి" అంది పంతులమ్మ.

మరునాడే సంఘపెద్ద వచ్చాడు. "పంతులమ్మా, వాక్యంల లేనిది పెడుతవా?"

"వాక్యంల చేతి గడియారమున్న రాజు గూడ లేడు పెద్దయ్యా. నీ మనుమనికి పెట్టి పంపినవు గదా?"

"నవ్వులాట గాదు. గా చెయ్యి దేవుని బిడ్డ మీద పడుతదా?"

"నీ మనుమని బొడ్డు కోసింది గా ఇంటి చెయ్యే. అప్పుడు అంటని మైల బట్టబొమ్మకు అంటుతదా?"

ఆ పిల్లను తీసెయ్యకపోతే మందిరానికి తాళం వేస్తామనీ, గది కూడా ఖాళీ చెయ్యాలనీ చెప్పి పోయాడు. ఆమెకు మరో నీడ లేదు. ఫికరు లేదా అమ్మా అని అడిగాను.

"ఎందుకుండదు? ముసల్దాన్ని, ఏడికి పోత? గని గా పిల్లను లేపి నిలబెట్టినంక, మల్ల కూసోమని ఏ నోటితోని చెప్పాలె?"

పండుగ ముందు రోజు మధ్యాహ్నం తాళం పడింది. ఆమె చాప చంకన పెట్టుకుని కింది వాడలో మంత్రసాని వాకిలికి నడిచింది. వెనకే పిల్లలు. పై వాడ తల్లులు గుమ్మాల్లో నిలబడి చూశారే గాని ఎవరూ బిడ్డను వెనక్కి లాగలేదు. సంఘపెద్ద మనుమడు కూడా, రాజు వేషం వదులుకోలేక, గడియారంతో సహా వచ్చేశాడు.

నాటకం మొదలైంది. మనుమరాలు బాలయేసుగా పెట్టిన బట్టబొమ్మను కాలు పట్టుకుని ఎత్తింది. అరుగు మీద కూచుని చూస్తున్న ముసలి మంత్రసానికి ప్రాణం ఆగలేదు.

"గట్ల పడుతరానె? మెడ కింద చెయ్యి పెట్టు!" అంటూ దిగివచ్చి బొమ్మను అందుకుంది. వీపు తట్టింది. కొంగుతో చుట్టింది. మరియమ్మ వేషం వేసిన పిల్ల నుదురు నిమిరి, "పానం ఎట్లున్నది బిడ్డా?" అంది. అప్పుడే వచ్చిన ముగ్గురు రాజులను చూసి కస్సుమంది. "బాలింత కాడ మొగోళ్లకేం పనిరా? బయటికి నడువుండ్రి!"

రాజులు కానుకలతో సహా పరుగెత్తారు. వాకిలంతా పగలబడి నవ్వింది. పంతులమ్మ నవ్వలేదు. పిల్లలవైపు తిరిగి మెల్లగా, "చూసిండ్రా? దేవుడు గూడ ఎవలో ఒకల చేతులల్లకే పుట్టిండు" అంది. ఆ దేవుడు ఉన్నాడా లేడా అన్నది వేరే తగాదా. ఆ మాటతో నాకు తగాదా లేదు.

పండుగ వెళ్లగానే గది పోయింది. మంత్రసాని ఇంటి గోడకు ఆనించి చిన్న చాయబాన, పంచలాంటిది, వేసుకుని ఆమె మిగిలిన కాలమంతా అక్కడే గడిపింది. సెలవుల కథ ఏటా ఆ వాకిట్లోనే. ఆమెను వెళ్లగొట్టినవాళ్లు రేపో మాపో సంతాపసభ పెడతారు, దండ వేస్తారు. వేయనీ. తాళం ఎవరు వేశారని ఆ సభలో ఒక్కరైనా లేచి అడగాలి.

బస్సు కదిలే ముందు కండక్టరు చెప్పిన సంగతి ఇది. మట్టి చేసిన మరునాడు పొద్దున్నే, ఎవరూ పిలవకపోయినా, రెండు వాడల పిల్లలూ కథ చెప్పే వేళకు వచ్చి మంత్రసాని వాకిట్లో కూచున్నారట. చలికి ఒకరి మీద ఒకరు ఒరిగి, ఎండ జరిగిన కొద్దీ అందరూ కలిసి జరుగుతూ. ఇళ్లకు పొమ్మని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదట.