తోక లేని రంపం

పొడి లాగేసే మిషను ఇంట్లో ఉందని చెప్పి, ఆయాసం మనిషిని పనికి పిలిచాను. వచ్చాక ఆ మిషను పెట్టెలోంచి బయటికి తీయలేదు. పైగా కిటికీలు మూసేశాను. ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. పొరపాటు అందామనుకున్నాను గానీ నోరు రాలేదు. తెలిసే చేశాను.

అతను వడ్రంగి. గాజువాకలో మా వీధి చివరే ఇల్లు. చుట్టరికం లేదు, అయినా ఇరవై ఏళ్లుగా బావా అంటే బావా అనుకుంటున్నాం. ప్లైవుడ్ పొడి, సన్‌మైకా పొడి పీల్చీ పీల్చీ ఛాతీ పాడయింది. జేబులో టేపు పక్కనే మందు పీల్చే గొట్టం ఉంటుంది. ఇంకోసారి ఆయాసం ముదిరితే పని మానుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. పని మానితే అతనికి ఇంకేమీ చేతకాదు. ఇదంతా నాకు తెలుసు.

నేను ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఖాళీగా కూర్చోలేక చెక్కపని మొదలుపెట్టాను. అంటే చెక్కపని వీడియోలు చూడటం మొదలుపెట్టాను. నాలుగు నెలలు చూశాను. వైరు లేని ట్రాక్ సా అనేది ఒకటుంది. పొడవాటి అల్యూమినియం పట్టాను గీత మీద పరిచి, బ్యాటరీ రంపాన్ని దాని మీద నడిపిస్తే కోత తిన్నగా వస్తుంది. అంతే సంగతి. ఆ అంతే సంగతి మీద మగవాళ్లు ఎంత మాట్లాడతారో! బ్యాటరీ ఎన్ని వోల్టులు, పట్టా కింద రబ్బరు జారుతుందా, పళ్లు ఎన్ని ఉండాలి. ఒకడు కాఫీ కప్పు పట్టుకుని చెబుతాడు. ఇంకొకడి చొక్కా మీద పొట్టు నలుసు కూడా ఉండదు. వాళ్లలో ఒక్కడైనా బీరువా పూర్తిచేయగా నేను చూడలేదు. ఎప్పుడూ రంపాన్నే తిప్పి తిప్పి చూపిస్తారు.

నేనూ ఆ జాతివాణ్ణే. ఊళ్లో లేని వాళ్లందరి సలహా విన్నాను. వీధి చివర ముప్ఫై ఏళ్లుగా చెక్క కోస్తున్న మనిషిని చిట్టచివర అడిగాను.

“నాను అయ్యన్నీ సూడను బావా. పొడి లాగేత్తాదా లేదా? అదొక్కటే అడుగు,” అన్నాడు.

ఇంత పరిశోధన చేస్తే ఇదా అడిగేది అని మనసులో నవ్వుకున్నాను. వన్ టౌన్‌లో రంపం అమ్మిన కొట్టతను కూడా అదే మాట అన్నాడు. ఇంట్లో వాడేటట్టయితే పొడి మిషను తప్పనిసరి అని రంపంతోపాటు దాన్నీ ఆటోలో పెట్టించాడు.

ఇంటికొచ్చి తగిలించి చూస్తే నా మొహం వాడిపోయింది. వైరు లేదని మురిసిపోయిన రంపానికి వెనక లావుపాటి గొట్టం. ఆ గొట్టం చివర మిషను. ఆ మిషనుకి వైరు, ప్లగ్గు. నాలుగు నెలల మోజు ఆ ప్లగ్గు దగ్గర తేలిపోయింది. గొట్టం పీకి, మిషనుని పెట్టెతో సహా మంచం కిందకి తోసేశాను. నేనూ వీడియో పెట్టాలనుకున్నాను. వీడియోలో గొట్టం బాగుండదు కదా.

పై గదిలో బీరువాకి పలకలు కోయాలి. కొలతలు నాకు నమ్మకంగా రావు గనక బావని పిలిచాను. సందేహిస్తే, “మిషనుంది, రా,” అన్నాను. వచ్చాడు. వీడియో తీయమని ఫోను మా ఆవిడ చేతికిచ్చాను. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలికొచ్చే నల్లపొడి కొత్త పలకల మీద పడుతుందని కిటికీలు మూశాను. ఆ నల్లపొడి గురించి వీధిలో అందరికన్నా ఎక్కువ గొంతు చించుకునేది నేనే. ఊపిరితిత్తులు పాడైపోతున్నాయని రోజూ ఎవరో ఒకరికి ఉపన్యాసం ఇస్తాను.

“గొట్టవేది బావా?” అన్నాడు అతను.

“వైరు లేని రంపానికి తోకేటి బావా!” అన్నాను.

అతను నవ్వలేదు. తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాడు. “నాలుగు కోతలే కదా, కానియ్,” అన్నాడు.

అతను కొలిచాడు, నేను కోశాను. మూడు కోతలు గీత గీసినట్టు వచ్చాయి. గదంతా మైదాపిండి జల్లినట్టు అయింది. మూడోది అవుతుండగా అతను దగ్గుతూ గోడ పట్టుకుని కూర్చున్నాడు. ఛాతీలోంచి సన్నగా ఈల వినబడింది. జేబులోది తీసి పీల్చాడు. ఈల ఆగలేదు.

అప్పుడు నేను అన్న మాట ఇది: “ఒక్క ముక్కే బావా, అయిపోతాది.”

మా ఆవిడ ఫోను మంచం మీద పడేసి కిటికీలు బార్లా తీసింది. “మనిషి పోతుంటే ముక్కేటండీ మీకు?” అంది. ముప్ఫై ఐదేళ్ల కాపురంలో ఆమె నన్ను అలా చూడటం అదే మొదలు.

ఆసుపత్రిలో ముక్కుకి మాస్కు పెట్టారు. సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. పదిహేను రోజులు పొడి దరిదాపుల్లోకి వెళ్లకూడదన్నారు. అతను పక్క వీధిలో ఒక వంటగది పని ఒప్పుకుని ఉన్నాడు. అన్నిరోజులు ఆగితే అది ఇంకొకరికి పోతుంది. మాస్కులోంచి అతను నన్ను తిట్టలేదు. “ఆ ఇంటోల్లకి ఏటి సెప్పాలో,” అన్నాడు.

ఇంటికెళ్లి వీడియో చూశాను. కోత తిన్నగానే ఉంది. వెనక దగ్గు, దాని మీద నా గొంతు, ఒక్క ముక్కే బావా. దాన్ని ఎక్కడా పెట్టలేదు, చెరిపేయనూ లేదు.

మర్నాడు ఆ వంటగది ఇంటాయన దగ్గరకెళ్లి జరిగింది దాచకుండా చెప్పాను. పని అతనిదే, పదిహేను రోజులూ చేతులు మాత్రం నావి అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, “మీకొచ్చా?” అన్నాడు. “రాదండి. అతను చెబితే చేస్తాను,” అన్నాను.

మంచం కింద మిషను తీసి ఆ ఇంటి డాబా మీదికి మోసుకెళ్లాను. గొట్టం తగిలించాను. బావ ఇంట్లో కూర్చుని ఫోనులో కొలతలు చెప్పేవాడు, నేను కోసేవాణ్ణి. రెండు పలకలు పాడుచేశాను. ఫోనులో తిట్లు పడ్డాయి, ఈసారి మనస్ఫూర్తిగా. సాయంత్రం అతని ఇంటి గుమ్మం దగ్గర బట్టలు దులుపుకుని, కాళ్లు కడుక్కుని, అప్పుడే లోపలికి వెళ్లేవాణ్ణి.

పదహారో రోజు అతనే డాబా ఎక్కాడు. రంపం అతని చేతికిచ్చాను. కోసేటప్పుడు గొట్టం పట్టా చివర తగులుకుని లాగుతోంది. అందుకని దాన్ని నా భుజం మీద వేసుకుని, అతని వెనకే అడుగులో అడుగు వేస్తూ నడిచాను.

కోత చివరిదాకా వెళ్లి అతను వెనక్కి తిరిగాడు. పొడి లేదు, దగ్గు లేదు.

“తోక జాగర్త బావా,” అన్నాడు.

ఇంకో పలక ఎత్తి బల్ల మీద పెట్టాను.