నాలుగో వంతెన మేస్త్రీ

పంతొమ్మిదేళ్లుగా ఆవిడ పని ఒక్కటే. ఊరు చూడవచ్చినవాళ్లను వెంటేసుకుని, నది మీది ఏడు పాత వంతెనలనూ నడిచి చూపించడం. తోటివాళ్లు ఆవిడను ‘వంతెనలక్క’ అనేవారు. నదిలో ఎప్పటికప్పుడు కొత్త నీరే వచ్చేది గానీ, అక్క నోట్లో మాటలు మాత్రం అరిగిపోయిన చెప్పుల్లాంటివి. ఏడాదిగా మోకాళ్లు కూడా మొరాయిస్తున్నాయి.

ఆ మధ్యాహ్నం నాలుగోదైన ఇనుప వంతెన చేరేసరికి గుంపు డీలా పడిపోయింది. అలాంటప్పుడు అక్కరకొచ్చే కథ ఒకటుంది. అక్క మెడలోని మైకు అందుకుంది.

"ఇది కట్టిన మేస్త్రీ ప్రారంభోత్సవానికి ముందురోజు పూటుగా తాగి, 'నా వంతెన ఎంత గట్టిదో చూడండ్రా' అని కమ్మీ మీద గంతేశాడట. వంతెన గట్టిదే, ఆయన కాళ్లే గట్టివి కావు!"

అందరూ ఘొల్లున నవ్వారు. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. మిగతావాళ్లు ఫొటోల్లో పడ్డాక దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఆయన మా నాన్న. నాకప్పుడు ఆరేళ్లు. మందు ముట్టి ఎరగడు. పెద్దలొస్తున్నారని రెండు రోజులు కునుకు లేకుండా పని చేయించారు. నిద్రకు తూలి నదిలో పడి చనిపోయాడు. మా అమ్మకేమో తాగి పడ్డాడని చెప్పి పంపేశారు."

ఆ కథ అక్కకు పని నేర్పిన ముసలి గైడు చెప్పింది. నిజమేనా అని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. నిలబడే కళ్లు మూతలు పడటమంటే ఏమిటో తనకు తెలియనిదా!

"తప్పయిపోయింది బాబాయ్‌గారూ. మీ మొహం చూడలేకపోతున్నాను."

"నువ్వేం చేస్తావులే తల్లీ, విన్నది చెప్పావు. ఓపికుండగా ఒకసారి చూసిపోదామని వచ్చాను, అంతే."

"అయితే ఆ సంగతి మీరే చెప్పండి."

"నా గొంతు వినపడదమ్మా."

అక్క తన మైకు తీసి ఆయన మెడలో వేసింది. అందరినీ పిలిచింది. ఆయన తడబడుతూనే చెప్పాడు. నాన్న ఇంటికి రాగానే బూట్లతోనే నిద్రపోయేవాడట, వాటి లేసుల ముళ్లు విప్పడం తన వంతట. ఒకాయన టోపీ తీసి పట్టుకున్నాడు. ఇంకొకాయన ఆలస్యమవుతోందని గొణిగాడు.

నిజంగానే ఆలస్యమైంది. మిగిలిన మూడు వంతెనలనూ అందరినీ బస్సెక్కించి కిటికీలోంచే చూపించాల్సి వచ్చింది.

సాయంత్రం ఆఫీసులో మేనేజరు పిలిచాడు. "నవ్వించాల్సిన చోట ఏడిపిస్తే ఎలా అక్కా? ఫిర్యాదు వచ్చింది. ఆ పాత కథే చెప్పు."

"ఆ కథ ఇక నా నోట రాదు బాబూ. కావాలంటే ఇంకొకరిని చూసుకో."

అన్ని మెట్లెక్కి దిగేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఆయన నిట్టూర్చి, సరే పొమ్మన్నాడు.

మర్నాడు నాలుగో వంతెన మీద అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ నవ్వలేదు, ఏమీ అడగలేదు కూడా. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డ ఒక చంటిబిడ్డ తల్లి మాత్రం కమ్మీ పట్టుకుని నీళ్లవైపు చూస్తూ నిలబడిపోయింది. ఆమె కదిలేదాకా అందరూ ఆగారు.