తలపాగా మీద మాస్కు

కొత్త హెల్మెట్ కొన్నాను. అద్దం దించగానే నా ఊపిరి వెచ్చగా నా ముఖానికే తిరిగి తగులుతుంది, కొత్త ప్లాస్టిక్ వాసనతో కలిసి. పొద్దున్నే రేణిగుంట రోడ్డులో లారీల వెనక పోతూ ఆ వాసన పీల్చినప్పుడల్లా రాజ్యలక్ష్మి మేడం గుర్తుకొస్తారు. ఒక మనిషిని తలుచుకోవడానికి మల్లెపూలో అగరుబత్తో ఉంటే గౌరవంగా ఉండేది. నాకు హెల్మెట్ దొరికింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నేను డాక్టరుగా మొదట చేరిన తిరుపతి ఆసుపత్రిలో ఆవిడ ఐసీయూకి పెద్ద. పొట్టి మనిషి, నేత చీర మీద తెల్లకోటు. రోగులతో ఎంతసేపైనా మాట్లాడేవారు, మాతో మాత్రం మందుల చీటీ చదివినట్టు మాట్లాడేవారు. మధ్యాహ్నం స్టోరు గదిలో, సెలైన్ పెట్టెల మధ్య ఒక్కరే కూర్చుని క్యారియరు విప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకొక్కడికే ఉందనుకునేవాణ్ని. లేదని అడగబోయాక తెలిసింది. నేను చిత్తూరు నుంచి వచ్చి ఒక అద్దె గదిలో ఉండేవాణ్ని. గదిలో ఎవరికి వాళ్లు జోకులు చెప్పుకోలేరు గనుక, ఉన్నవన్నీ డ్యూటీలోనే ఖర్చుపెట్టేవాణ్ని.

ఆ వేసవిలో బంగారుపాళ్యం వైపు మామిడి రైతు మునిరత్నం, కొండ మీద తలనీలాలిచ్చి, కిందికి దిగేసరికి ఆయాసపడుతూ మా దగ్గర చేరాడు. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. గొంతులోకి గొట్టం వేసి మిషను మీద ఉంచాం. తేరుకున్నాక గొట్టం తీశాం. కానీ తనంతట తాను ఊపిరి తీసే బలం ఇంకా పూర్తిగా రాలేదు. అందుకని ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టి, దాంట్లోంచి మిషనుతో గాలి తోయాలి. అది తట్టుకుంటే ఇంటికి. తట్టుకోలేకపోతే మళ్లీ గొట్టం. రెండోసారి గొట్టం దాకా వెళ్లినవాళ్లు అందరూ వెనక్కి రారు.

ఆయన మాస్కు పీకేశాడు. "ఊపిరాడలేదు సామీ," అన్నాడు, గొట్టం గీరిన గొంతుతో.

"ఊపిరాడేదానికే పెట్టినాం పెద్దాయనా."

"ఏమో, ఎవురో మొకాన దిండు పెట్టి అదిమినట్టుండాది. వొద్దు."

మళ్లీ పెట్టాను. ఈసారి మాస్కే జారింది. గొట్టం తీశారన్న సంతోషంలో ఆయన భార్య సుబ్బమ్మ, చూడ్డానికి వచ్చిన ఆ కాసేపట్లోనే, కొండ నుంచి తెచ్చిన గంధం గుండు నిండా పూసి వెళ్లింది. తలకు చలువట. దాని మీద మాస్కు పట్టీలు సబ్బు మీద వేళ్లలా జారాయి. బిగించాను. జారాయి. ఇంకా బిగించాను. పెద్దాయన కళ్లు పెద్దవయ్యాయి, రెండు చేతులతో నన్నే తోసేశాడు.

"గుండు దేవుడికి, తిప్పలు నాకు," అన్నాను నర్సుతో. ఆమె నవ్వింది. వెనక నిలబడిన మేడం నవ్వలేదు.

"ఆ ఖాళీ మంచం మీద పండుకో."

"నేనా మేడం?"

"నీకేనప్పా సెప్పేది."

కొత్త మాస్కు తెప్పించి, నేను పెద్దాయనకు బిగించినంత బిగువుగానే నాకూ బిగించి, మిషను ఆన్ చేశారు. ముక్కు నిండా కొత్త ప్లాస్టిక్ వాసన. బస్సు కిటికీలోంచి తల బయట పెడితే కొట్టే గాలి లాంటిది అది. కాకపోతే తల లోపలికి తీసుకునే వీలు లేదు. నేను ఊపిరి వదలబోతే అది లోపలికి తోస్తోంది. భయమేసింది. అలవాటు ప్రకారం ఒక జోకు వేశాను. నా మాట నా ముక్కు దగ్గరే తిరిగి ఆరిపోయింది. పక్కనే నర్సు మందు కలుపుతోంది, ఎవరో ఫోనులో మాట్లాడుతున్నారు. వాళ్లంతా ఏటికి అవతల ఉన్నట్టున్నారు. చెయ్యెత్తాను. మేడం మాస్కు తీశారు.

"లోపల ఏమో అంటివే?"

"ఏం లేదు మేడం."

"ఆయనా ఇందాకట్నుంచి ఏందో అంటానే ఉండాడు."

తర్వాత ఆవిడ సుబ్బమ్మను అడిగి పెద్దాయన టవలు తెప్పించారు. గంధం తుడవలేదు. దాని మీదే తలపాగా చుట్టారు. పట్టీలు పక్కన పడేసి, మాస్కు ఆయన చేతికే ఇచ్చి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి ముఖానికి ఆనించారు.

"కట్టెయ్యనన్నా. నీ సేతిలోనే ఉండాది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయి. సరే అంటే ఒక వేలు, కాదంటే రెండు."

రెండు వేళ్లు లేచాయి.

"అయితే తీసెయ్."

తీశాడు. తడి దూదితో పెదవులు తడిపారు. మళ్లీ పెట్టారు.

"తోటలో బేనీషా మామిడి ఎక్కువనా?"

రెండు వేళ్లు.

"ఓహో, అంతా తోతాపురి. అన్నీ జూసు ఫ్యాక్టరీకే తోలేస్తావు. మాకు తినేదానికి ఒక కాయన్నా మిగల్చవా?"

పెద్దాయన భుజాలు కదిలాయి. అది నవ్వు అని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. మాస్కు మాత్రం ముఖం మీదే ఉంది. మధ్యాహ్నానికి తలపాగా మీదుగా పట్టీలు వదులుగా వేశారు. పక్కల నుంచి గాలి పోతోందన్నాను. "పోనీలేప్పా. గాలికేం కరువు, మిషనుండాది కదా," అన్నారు.

బదులు చెప్పలేని మనిషితో అంతసేపు ఎలా మాట్లాడతారని అడిగాను.

"ఇంటికాడ నాకదే కదప్పా పని. టీవీకి సెప్తా, పాలగిన్నెకి సెప్తా. ఏదీ పలకదు. ఈడ వేలన్నా లేస్తాది."

దానికొక జోకు ఉండాలి. వెతుకుతూ పెద్దాయన మాస్కు అంచు సర్దాను.

పెద్దాయనకు మళ్లీ గొట్టం వేయలేదు. వార్డుకు మార్చాక చూడబోతే, తలపాగాతోనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఏం సామీ, ఆ పొద్దు నీకు పెట్టినప్పుడు నీ కండ్లు నా కండ్లకంటే పెద్దవైనాయి. పక్క మంచం మీంచి సూస్తానే ఉన్న్యాలే," అన్నాడు. వార్డంతా నవ్వింది. నవ్వించింది నేను కాకపోవడం అదే మొదలు.

మేడం రిటైరై మదనపల్లె వెళ్లిపోయారు. ఫోను చేస్తే రెండు మాటల్లో పెట్టేసేవారు. ఎదురుగా మాస్కు లేకపోతే ఆవిడకు మాటలు రావేమో. కొన్నాళ్లకు ఆ నంబరు మోగడం మానేసింది.

ఇప్పుడు నా జోకులన్నీ మాస్కు పెట్టుకున్నవాళ్లకే. మొదట పట్టీలు కట్టను, చేత్తోనే పట్టుకుని కూర్చుంటాను. భుజం లాగుతుంది. నవ్వారో లేదో చాలాసార్లు తెలియదు. కొందరు లోపల్నుంచి ఏదో అంటారు. ఆ చప్పుడులో వినపడదు. అప్పుడు సగంలో ఉన్న జోకు ఆపేసి, మాస్కు కాస్త ఎత్తి, చెవి దగ్గరగా పెట్టి అడుగుతాను.

"ఏమో అంటా ఉండావే పెద్దాయనా, ఏంది?"